సగం ముఖానికే అమ్మవారు

"తట్ట అక్కడే దించీ! గడప తొక్కావంటే బాగోదు, సెప్తన్నాను."

అత్తగారి కేక విని అనూరాధ వీధిలోనే ఆగిపోయింది. తెల్లారకుండా హార్బరుకి వెళ్ళి, మల్కాపురం సందులన్నీ తిరిగి చేపలమ్ముకుని వచ్చిన మనిషి. ఎండకి మాడు పేలిపోతోంది. మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకుపోవాలని దారంతా పరుగులాంటి నడకే నడిచింది. తీరా వచ్చి చూస్తే ఏముంది? గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి. గడపకి పసుపు మెత్తి ఉంది. ముంతెడు పసుపునీళ్ళు పక్కన పెట్టుకుని అప్పాయమ్మ కాపలా కూర్చుంది.

"ఏటత్తా ఇది?"

"కళ్ళు కనబడతం నేదేటి? అమ్మవారొచ్చింది ఇంటికి. ఆ నీచుకోకతో లోపలికి రాకు. నీళ్ళోసుకుని తడిబట్టతో రా."

పొద్దున్న తను బయల్దేరేటప్పటికి మొగుడు అప్పలరాజు నుదుటి మీద పట్టుమని పది పొక్కులు లేవు. "నానొచ్చేదాకా పడుకో మావా, వచ్చాక పెద్దాసుపత్రికి పోదాం" అని చెప్పి మరీ వెళ్ళింది. అతను ఊఁ అన్నాడు. అప్పాయమ్మ ఏమీ అనలేదు. అప్పాయమ్మ ఏమీ అనలేదంటే ఏదో చెయ్యబోతోందని ఇన్నేళ్ళ కాపురంలో అనూరాధకి తెలిసి ఉండాల్సింది. తెలిసినా ఏం చేస్తుంది? చేపలు కుళ్ళిపోవూ?

"ఇది అమ్మవారు కాదత్తా. డాక్టరుకి సూపించాల."

"నోరు ముయ్యి! తల్లి ఇంట్లో ఉండగా డాక్టరూ గీక్టరూ అంతావా? లెంపలేసుకో. ఇంట్లో మాత్రన్నది ఉండకూడదని వెతికి వెతికి అన్నీ తీసి కాలవలో పారీసాను. దగ్గుమందూ, జొరం బిళ్ళలూ, అన్నీని."

అనూరాధ చూపు వంటగది వైపు పోయింది.

అన్నీ అంటే? బియ్యం డబ్బా అడుగున ఉన్నది కూడానా?

అడిగితే, బియ్యం డబ్బాలో ఏటుందే అంటుంది ముసలిది. తట్ట గోడవార దించి, పెరట్లో రెండు చెంబులు గుమ్మరించుకుని, నీళ్ళు కారుతున్న కోకతోనే వంటగదిలోకి పోయింది. పొయ్యి మీద చప్పిడి పప్పు. అమ్మవారున్న ఇంట్లో తాలింపు చప్పుడు వినబడకూడదు కదా.

బియ్యం డబ్బా మూత తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. బియ్యం. ఇంకాస్త లోపలికి. బియ్యమే. డబ్బా వంచి, ఊపి, మళ్ళీ వెతికింది. తెల్ల ప్లాస్టిక్ సీసా లేదు.

అందులో ఉన్నవి తను వేసుకునే హెచ్ఐవీ మాత్రలు. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ఉందని మూడేళ్ళ కిందట కడుపు పోయినప్పుడు చేసిన రక్తపరీక్షలో బయటపడింది. ఆ సంగతి వాళ్ళిద్దరికీ, మందులిచ్చే సెంటరు వాళ్ళకీ తప్ప పురుగుకి కూడా తెలీదు. తెలియనివ్వకపోవడానికి కారణం ఈ ఇంట్లోనే ఉంది, తలుపు వెనక మేకుకి వేలాడుతూ.

అదొక ఇత్తడి తాళం. అప్పలరాజు అన్న గంగరాజు ఈ జబ్బుతోనే పోయాడు. పోయాక ఇంట్లో మాత్రం కామెర్లని చెప్పుకున్నారు. అనూరాధ కాపరానికి రాకముందు మాట అది. మొగుణ్ణి ఆసుపత్రిలో చేర్చి, మార్చుకోవడానికి ఓ కోక తీసుకుందామని ఇంటికొచ్చిన పెద్దకోడలికి గుమ్మానికి ఆ తాళం కనిపించిందట. "నువ్వే తెచ్చావే జబ్బు నా కొంపలోకి!" అని అప్పాయమ్మ వీధిలో నిలబడి అరిచిందట. ఆ పిల్ల కట్టుబట్టలతో పుట్టింటికి పోయింది. పక్కింటివాళ్ళు ఈ కథ అనూరాధ చెవిలో వేసి ఊరుకున్నారు. అనూరాధ మాత్రం ఊరుకోలేకపోయింది. ఊడ్చినప్పుడల్లా ఆ తాళం వైపు చూపు పోతూనే ఉంటుంది.

మధ్యగదిలో అప్పలరాజు చాప మీద పడున్నాడు. ఒంటి కింద వేపాకు, ముఖం మీద తడిగుడ్డ.

బోటు నడిపే సరంగు అతను. గుజరాత్ బోట్ల మీదకి పనికిపోయి, సీజను ముగించుకుని మొన్న మొన్ననే వచ్చాడు. వెళ్ళినవాడు నిండుమనిషి, వచ్చినవాడు అందులో సగం. చేతులూ కాళ్ళూ దురద పొక్కులు, గోకి గోకి నల్లబడ్డ మచ్చలు. ఏంటంటే, ఉప్పునీళ్ళు పడలేదన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటే విలవిల్లాడిపోతాడు. ఏంటంటే, వేడి చేసిందన్నాడు. అప్పాయమ్మ వెలిగారం తేనెలో రంగరించి నాలిక్కి రాసింది. అనూరాధ అడగాల్సిందల్లా అడిగింది, అతను చెప్పిందల్లా నమ్మింది. నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి నమ్మింది.

గుడ్డ తీసి చూసి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఎడమవైపు నుదురంతా నీటిపొక్కులు గుత్తులు గుత్తులుగా లేచాయి. ఎడమ రెప్ప వాచి మూసుకుపోయింది. ముక్కు కొసన కూడా రెండు పొక్కులు. కానీ నుదుటి మధ్యకి వచ్చేసరికి గీత గీసినట్టు ఆగిపోయాయి. కుడిపక్కకి ఒక్కటంటే ఒక్కటి దాటలేదు.

"నోరు తెరు మావా."

"వొద్దు."

"తెరమంతన్నానా!"

తెరిచాడు. నాలుక మీదా బుగ్గల లోపలా పెరుగు తరకలు అతికించినట్టు తెల్లటి పూత. పెదాల మూలలు పగిలి నెత్తురు చారలు.

ఈ నోరు అనూరాధకి తెలుసు. మూడేళ్ళ కిందట తన నోరూ ఇలాగే ఉండేది. మాత్రలు మొదలుపెట్టాక పోయింది, మళ్ళీ రాలేదు. మరి మాత్రలు వేసుకునే మనిషికి ఎందుకొచ్చింది?

"మావా. నువ్వు మందేసుకుంతన్నావా?"

అప్పలరాజు గోడవైపు తిరిగాడు. ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. వీధిలో అప్పాయమ్మ ఎవరినో అదిలిస్తోంది, రావద్దు, అమ్మవారుంది అని.

"నిన్నే."

"మానీసాను."

"ఎప్పుడు?"

"ఎల్లిన కొత్తలోనే. తీసుకెల్లినవి అయిపోనాయి. అక్కడా సెంటరుంది. లైన్లో నిలబడితే మనూరోళ్ళెవులైనా సూత్తే? బోటులో అందరం ఒక్క గిన్నెలో తింతాం. ఏటి బిళ్ళలు బావా అంటే గ్యాసుకి అన్నాను. రోజూ గ్యాసేటని నవ్వీవోళ్ళు. అయిపోనాక... ఒంట్లో బాగానే ఉంది గదాని..."

"ఒడ్డుకొచ్చి ఫోన్ సేసినప్పుడల్లా ఏసుకున్నానన్నావు! అప్పుడల్లా అడిగీదాన్ని!"

"గట్టిగా అరవకే."

"అరవక? నాను బోరుమని ఏడవకుండా ఉన్నాను, అందుకు సంతోషించు."

కోపం ఎంత వచ్చిందంటే అతన్ని కొట్టాలనిపించింది. కొట్టడానికి మనిషిలో చోటేదీ? అటు పొక్కులు, ఇటు ఎముకలు. లేచింది, గదిలో ఆ గోడకీ ఈ గోడకీ తిరిగింది, మళ్ళీ కూలబడింది.

"లెగు. ఆసుపత్రికి పోదాం."

"రాను. అమ్మవారనే అనుకోనీ అమ్మని. నాలుగ్రోజులకి అదే తగ్గిపోతాది."

"కన్ను తెరవగలవా?"

అతను తడిగుడ్డ ముఖం మీదికి లాక్కున్నాడు.

అనూరాధ ఫోను కోకచెంగులో దాచుకుని పెరట్లోకి పోయింది. ఆరేసిన దుప్పటి చాటున నిలబడి, పెద్దాసుపత్రి సెంటర్లో కౌన్సెలింగ్ చేసే సత్యశ్రీ మేడంకి ఫోన్ కొట్టింది. గొంతు తగ్గించి, తడబడుతూ చెప్పుకొచ్చింది.

"సగానికే వచ్చాయా? మధ్యలో ఆగిపోయాయా?" అంది సత్యశ్రీ.

"అవును మేడం."

"అమ్మవారు కాదమ్మా అది. సర్పి అంటారు చూశావా, అదీ. మాత్రలు మానేస్తే ఒంట్లో బలం పడిపోయి లేస్తుంది. ముక్కు కొస మీద పొక్కులున్నాయా?"

"రెండున్నాయి."

"అయితే కంటిలోకి పాకే ప్రమాదం ఉంది. ఈ రోజే తీసుకురా. రేపు అనకు. నేను కంటి డాక్టరుగారికి చెప్పి ఉంచుతాను."

"మానీసినందుకు ఆయన్ని తిడతారేటో అని..."

"తిట్టడానికా పిలుస్తున్నాను? నోటిపూతకి మందుంది, ఒంటి దురదకి మందుంది, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కన్ను పోతే మాత్రం నా దగ్గర మందు లేదు అనూరాధా. త్వరగా రా."

కన్ను పోతే. సరంగుకి కన్ను పోతే ఇంకేం మిగులుతుంది? ఆ చేత్తోనే జగ్గారావుకి ఫోన్ చేసి ఆటో తెమ్మంది. జగ్గారావు అప్పలరాజుతో ఎన్నో ఏళ్ళు వేటకెళ్ళినవాడు, ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. కట్టె విరిచినట్టు మాట్లాడతాడు గానీ పిలిస్తే పలుకుతాడు.

పలికాడు. ఆటో అయితే వచ్చింది. వచ్చి, వేపమండలు చూసి నాలుగు బారల దూరంలోనే ఆగిపోయింది.

"ఏటి సెల్లీ ఇది? అమ్మవారని సెప్పనేదేటి ఫోన్లో?" అన్నాడు జగ్గారావు దిగకుండానే. "అమ్మవారు పోసినోణ్ణి బండెక్కించుకుంతే తల్లి ఊరుకుంతాదా? ఇంట్లో సిన్నపిల్లలున్నోణ్ణి."

అప్పాయమ్మ లేచి నిలబడింది. "ఎవులే ఆటోని రమ్మన్నది?"

"నానే."

"తల్లిని గడప దాటిత్తావా? కడుపుకి అన్నమే తింతన్నావా?"

"సగం ముఖానికే వస్తాదా అత్తా అమ్మవారు? కావాలంటే సూడు. ఇటేపు ఒక్క పొక్కుందా? ఆ తల్లికి సగం మనిషితో ఏటి పని?"

"తల్లి ఇష్టం! అడగడానికి నువ్వెవులివే?"

"ఆయన పెళ్ళాన్ని! ఇది అమ్మవారు కాదు! కాదు, కాదు!"

వీధిలో ఆ కేక ఆ చివరి నుంచి ఈ చివరికి వినిపించింది. పక్కింటి గోడ మీంచి రెండు తలలు లేచాయి. ఎదురింట్లో బియ్యం చెరుగుతున్న చేట ఆగింది.

అప్పాయమ్మ తాపీగా, మెత్తగా అడిగింది. "మరేటది?"

లోపల చాప మీద అప్పలరాజు కదిలిన చప్పుడు. గోడ మీద తలలు ఇంకాస్త పైకి లేచాయి.

"సర్పి," అంది అనూరాధ. అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు.

"ఓస్, సర్పేనా?" అన్నాడు జగ్గారావు ఊపిరి పీల్చుకుని. "సర్పి అయితే ఎర్రమన్ను రాయిత్తే పోద్ది గదా. నాకు తెలిసినోడు..."

"నువ్వు బండి తిప్పుకుని సందు మొగలో నిలబడు," అంది అప్పాయమ్మ. "ఒలే, నువ్విలా రా."

అనూరాధ రెక్క పుచ్చుకుని లోపలికి లాక్కుపోయి తలుపు ఓరగా వేసింది. అప్పలరాజు లేచి కూర్చున్నాడు. గుడ్డ జారిపోయింది. కొడుకు ముఖం కేసి చూసి అప్పాయమ్మ కళ్ళు తిప్పుకుంది.

"పెద్దోడికీ సర్పే అన్నాం," అంది.

జారిపోయిన గుడ్డ తీసి కోడలి చేతికిచ్చింది.

"నడుం మీద లేసింది ఆడికి. సర్పి తగ్గినాక నోరు తెల్లబడ్డాది. తేనే రాసాను, వెలిగారం రాసాను. వీధి వీధంతా గుమ్మంలోకొచ్చి, నోరు తెరు గంగరాజూ అని సూసెల్లారు. సూసి ఎలిపోయి ఏటేటి అన్నారో నా సెవులతో ఇన్నాను. ఆడు సచ్చింది తరవాత. ముందే సంపీసారు నా కొడుకుని."

ముసలిదాని గొంతు వణికింది. ఆ గొంతు వణకగా అనూరాధ ఎన్నడూ వినలేదు.

"అందుకే వేపమండ కట్టాను. వేపమండ ఉంతే ఏ ముండా గడప తొక్కదు. నోరు తెరమని అడగదు. నాకు అమ్మవారేదో సర్పేదో తెల్దనుకున్నావా?"

అనూరాధ గోడకి ఆనుకుంది. తెలుసన్నమాట. అంతా తెలిసే పసుపునీళ్ళు పట్టుకుని కూర్చుంది.

అప్పాయమ్మ రొంటిన దోపిన ముడి విప్పింది. అందులోంచి తెల్ల ప్లాస్టిక్ సీసా తీసింది. దానికి మందు పేరున్న కాగితం లేదు, అనూరాధ గోటితో గీకేసిన మరకలు మాత్రం ఉన్నాయి.

"కాలవలో అన్నీ పారీసాను గానీ ఇది పారీనేదు. పెద్దోడూ ఇలాగే కాయితం గీకీవోడు." సీసా ఊపింది. మాత్రలు గలగలమన్నాయి. "ఇల్లంతా వెతికినా ఒక్కటే దొరికినాది. ఎవులిదే? నీదా, ఆడిదా?"

ఆడిదని ఒక్క ముక్క అంటే చాలు. ఇల్లు నిలుస్తుంది. అయితే రేపటి నుంచి తన మాత్రల మాటేమిటి?

అనూరాధ మొగుడి వైపు చూసింది. నువ్వు చెప్పు, అన్నట్టు చూసింది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అతనికి తెలుసు. మూడేళ్ళ కిందట సెంటరు బయట చెట్టు కింద కూర్చుని, "నావల్లే, నన్ను సెమించు" అని ఏడ్చినవాడు అతనే.

అప్పలరాజు నోరు తెరవలేదు. పూత వల్ల తెరవలేకపోయాడో, తెరవకూడదనే అనుకున్నాడో.

"నాదే," అంది అనూరాధ.

అప్పాయమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. నున్నటి బుగ్గలు చూసింది. మచ్చలేని చేతులు చూసింది. తరవాత చాప మీది కొడుకుని చూసింది.

"నీది ఉంది. ఆడిది నేదు," అంది మెల్లగా. "నువ్వు బాగున్నావు. నా కొడుకు ఇలాగున్నాడు."

"అత్తా, సెప్పేది ఇను, ఆయన మానీసాడు, గుజరాత్‌లో..."

"సాల్లే."

"కన్ను పోతాదంతన్నారు అత్తా! ఈ రోజే ఎల్లాల. నన్ను తరవాత ఏటన్నా అను, కొట్టు, పడతాను. ముందు ఆయన్ని ఎల్లనీ."

సందు మొగలో జగ్గారావు హారన్ కొట్టాడు. అప్పాయమ్మ ఒక్క అడుగు వెనక్కేసి దారి ఇచ్చింది.

"తీసుకుపో."

"ఆ డబ్బా ఇయ్యత్తా."

"ముందు ఆణ్ణి బండెక్కించు."

అనూరాధ మొగుడి ముఖం మీద తడిగుడ్డ కప్పి, రెక్క తన భుజం మీద వేసుకుని బయటికి నడిపించింది. గోడ మీద తలలు నాలుగయ్యాయి. ఎదురింటావిడ చేట పట్టుకుని వీధిలోకే వచ్చేసింది. "ఏటప్పాయమ్మా, అమ్మవారిని గడప దాటిత్తన్నారేటి?"

"తల్లి గుడికే!" అప్పాయమ్మ గొంతు ఖంగుమంది. ఇందాకటి వణుకు ఎక్కడా లేదు. "పసుపునీళ్ళు పోయిత్తామని మొక్కుకున్నాను. తప్పుకోండి, ఎవులూ ఎదురు రాకండి!"

అందరూ చప్పున తప్పుకున్నారు. గుడికనేసరికి జగ్గారావు కూడా కిక్కురుమనకుండా బండి స్టార్ట్ చేశాడు. అనూరాధకి అత్తగారి మీద కోపం రావాలో, కాళ్ళ మీద పడాలో తెలియలేదు. మొగుణ్ణి ఎక్కించి, తను పక్కన కూర్చుని, మళ్ళీ దిగబోయింది, సీసా కోసం.

అప్పుడు చూసింది.

అప్పాయమ్మ తలుపు దగ్గరికి లాగుతోంది. రెక్కకి రెక్క తగిలించి గొళ్ళెం పెట్టింది. వేపమండలు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. ఆమె ఒక చేతిలో తెల్ల సీసా, రెండో చేతిలో ఇత్తడి తాళం.

అత్తగారూ ఆసుపత్రికి వస్తుందేమో. అందుకే వేస్తోందేమో. ముసలిది ఇటు తిరిగితే ముఖం చూసి చెప్పెయ్యొచ్చు. తిరగలేదు. తాళం పడిన చప్పుడు సందు మొగ దాకా వినిపించింది.

"దిగుతావేటి సెల్లీ?" అన్నాడు జగ్గారావు.

దిగి, పరిగెత్తి, ఆ సీసా లాక్కోవచ్చు. తలుపుకి అడ్డం పడుకోవచ్చు. అది తన ఇల్లు, తను ఊడ్చిన ఇల్లు. భుజం మీద అప్పలరాజు తల బరువుగా వాలింది. గుడ్డ కింద నుంచి అతని మాట వినీ వినబడనట్టు వచ్చింది.

"అనూరాధా... ఈ కంటికి ఎలుగు కూడా తెలతం నేదే."

అనూరాధ కాలు లోపలికి తీసుకుంది.

"పోనీ అన్నా," అంది. "పెద్దాసుపత్రికి. గుడికి కాదు."